సనా చెప్పిన మాట అమీర్‌పేట దాకా వచ్చిందా?

బుల్లెట్‌పై 38 వేల కిలోమీటర్లు తిరిగిన యువతి... ఆమె కోసం కంటతడి పెట్టిన సవారీ లోకం... మన పల్లెలు వినవలసిన కబురు

అమీర్‌పేట (హైదరాబాద్): మోటారు సైకిలుపై ఒంటరిగా దేశమంతా చుట్టి, 38 వేల కిలోమీటర్లు నడిపి క్షేమంగా ఇల్లు చేరిన యువతి చివరకు సొంత ఊరి పొలిమేరలోనే కారు ప్రమాదంలో కన్నుమూశారు. 2017 అక్టోబరు 24 తెల్లవారుజామున నార్సింగి వద్ద ఔటర్ రింగు రోడ్డుపై ఆమె ప్రయాణిస్తున్న కారు డివైడరును ఢీకొంది. ఆమె పేరు సనా ఇక్బాల్. ముప్పై ఏళ్ళ ప్రాయం. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు జరిపారు. నగరంలోని మోటారు సైకిలు ప్రియులకు మాత్రం ఆ రోజు తెల్లవారనే లేదు.

ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ ఆమె ప్రస్తావన ఎందుకంటే, ఆమె ఊరూరా తిరిగి చెప్పిన మాట మన జిల్లా పల్లెల్లో ఇంకా చాలా ఇళ్ళకు చేరలేదు. కొడుకునో కూతురినో చదువు కోసం అమీర్‌పేటకు పంపి, నెలనెలా డబ్బు సర్దుతూ, ఉద్యోగం వచ్చిందన్న కబురు కోసం ఎదురుచూస్తున్న ఇళ్ళకు అసలే చేరలేదు.

నెత్తురు పంచుకోని బంధువులు

బండి మీద మమకారం పల్లెలకు కొత్త కాదు. దసరా వచ్చిందంటే ట్రాక్టరుకు, లారీకి, ఆటోకు బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించి, గుమ్మడికాయ కొట్టనిదే చక్రం కదలదు. మండల కేంద్రంలో ఆటో స్టాండులో ఒక డ్రైవరు చనిపోతే ఆ పూట స్టాండంతా బందు పెడతారు. శవయాత్ర వెనుక ఆటోలు వరుసగా సాగుతాయి. తలా కొంత చందా వేసుకుని ఆ ఇంటి ఆడకూతురు చేతిలో పెడతారు. వారంతా ఒక కులం వారు కారు, ఒక వీధి వారు కారు. ఒకే దారి మీద బతుకుతున్నవారు.

నగరంలో కార్లు, మోటారు సైకిళ్ళు అంటే ప్రాణం పెట్టే బృందాలదీ ఇదే తీరు. ఆదివారం తెల్లవారకముందే లేచి, పది పదిహేను బండ్లు కూడి, ఏ అనంతగిరికో నాగార్జునసాగర్‌కో పోయి, దారిలో టీ తాగి, ఎండెక్కేసరికి ఇల్లు చేరతారు. ఒకరి బండి పంక్చరైతే పది మంది ఆగుతారు. ఎవరు ఏ ఉద్యోగం చేస్తారో, ఎవరిది ఏ ఊరో తెలియకపోయినా, ఎవరి బండికి ఏ జబ్బుందో అందరికీ తెలుసు. అందులో ఒకరు పోతే హెడ్‌లైట్లు వెలిగించుకుని, వేగం తగ్గించి, బండ్లు వరుసగా నడిపి వీడ్కోలు పలకడం ఈ బృందాల్లో ఆనవాయితీ. ఇంట్లో వారి ఏడుపు లోకానికి తెలుస్తుంది. తోటి సవారీదారుల దుఃఖం ఆ దారికే తెలుస్తుంది.

సనా ఇక్బాల్ విషయంలో మాత్రం ఆ దుఃఖం నగరం దాటింది. ఆమె ఏ ఊళ్ళో ఆగి, ఏ కాలేజీలో మాట్లాడితే అక్కడంతా ఆమెను ఎరిగినవారు ఉన్నారు.

ఆశ దారిలో దొరికింది

సనా నడిపింది రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి. పల్లెల్లో దాన్ని బుల్లెట్ అంటారు. ఒకప్పుడు ఊరికి ఎస్.ఐ. గారు వస్తున్నా, మోతుబరి వస్తున్నా ఆ చప్పుడుకే తెలిసేది. ఆడపిల్ల ఆ బండి తోలడమే వింత అనుకునే కాలంలో, 2015 చివర ఆమె దానిపై ఒంటరిగా దేశ పర్యటనకు బయలుదేరారు. 2016లో ఆ యాత్ర ముగించారు. 38 వేల కిలోమీటర్లంటే చిన్న దూరం కాదు. హైదరాబాదు నుంచి వరంగల్లుకు 250 సార్లు పోయినంత. భూగోళం చుట్టుకొలతే సుమారు 40 వేల కిలోమీటర్లు.

అది రికార్డు కోసం చేసిన సవారీ కాదు. దారిలో కాలేజీల దగ్గర ఆగడం, పిల్లలను కూర్చోబెట్టుకుని మాట్లాడడం ఆమె పని. చెప్పిన మాట ఒక్కటే: మనసు కుంగుబాటును, ఆత్మహత్యను ఆపవచ్చు.

ఆ మాట ఆమెకు పుస్తకంలో దొరికింది కాదు. అంతకు ముందు తానే తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యారు. డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బు అది. బతుకు మీద విరక్తి పుట్టి బండి తీసుకుని గుజరాత్ దిక్కుగా వెళ్ళిపోయానని ఆమె స్వయంగా పత్రికల వారికి చెప్పుకొన్నారు. దారి పొడుగునా మనుషులు కలిశారు. కొత్త ఊళ్ళు కనిపించాయి. పోతూ పోతూ ఉండగానే ఆ చెడ్డ తలపు వెనుకపట్టు పట్టింది. బతికి ఇంటికి వచ్చారు. తనలాగే లోపల కుమిలిపోతున్నవారు ఎందరో ఉంటారని, వారితో మాట్లాడాలని అప్పుడు నిశ్చయించుకున్నారు.

తన కష్టాన్ని నలుగురిలో చెప్పుకోవడం మన సమాజంలో తేలిక కాదు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని, ఇంటి పరువు పోతుందని దాచిపెట్టేవారే ఎక్కువ. ఆడపిల్ల అయి ఉండీ ఆమె దాచలేదు. సవారీ లోకం ఆమెను అంతగా నెత్తిన పెట్టుకున్నది బండి తోలిన దూరానికే కాదు, ఈ తెగువకు కూడా.

అమీర్‌పేట అంటే మన పిల్లలే

పంజాగుట్ట చౌరస్తా దాటి అమీర్‌పేటలో అడుగు పెడితే తల ఎత్తిన చోటల్లా బోర్డులే. మైత్రీవనం చుట్టుపక్కల మేడ మీద మేడగా శిక్షణ కేంద్రాలు. ఒకప్పుడు జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని రాసి ఉండేవి. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్సు అని రాస్తున్నారు. బోర్డు మారినా బోర్డు కింద నిలబడిన పిల్లవాడు మారలేదు. భుజాన సంచి, చేతిలో ఫోను, కళ్ళలో నిద్రలేమి.

ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, మధురానగర్ వీధుల నిండా హాస్టళ్ళు. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ. కరోనా తరువాత చాలా పాఠాలు కంప్యూటరులోనే చెబుతున్నా హాస్టళ్ళు మాత్రం ఖాళీ కాలేదు. ఉద్యోగం దొరికే చోటుకు దగ్గరగా ఉండాలన్న ఆశ పిల్లలను అక్కడే నిలబెడుతోంది.

వీరెవరో కాదు. మన జిల్లా పల్లెల నుంచి పొద్దుటి బస్సెక్కి వచ్చినవారే. ఇంజనీరింగ్ పూర్తయి రెండేళ్ళయినా ఉద్యోగం రానివారు కొందరు. వచ్చిన ఉద్యోగం పోయి మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడినవారు కొందరు. వెనుక ఇంట్లో బ్యాంకు అప్పు, పెళ్ళికి ఎదిగిన చెల్లెలు, ఒక పంట పండితే ఒక పంట ఎండే చేను. ఆ పిల్లవాడు పుస్తకం తెరిస్తే అక్షరాలతో పాటు అవన్నీ కనిపిస్తాయి.

ఫోనులో అడగని ప్రశ్న

ఆదివారం నాడు ఊరి నుంచి ఫోను వస్తుంది. తిన్నావా? డబ్బులు సరిపోతున్నాయా? ఉద్యోగం సంగతి ఏమైంది? అడిగే ప్రశ్నలు మూడే. జవాబులూ మూడే. తిన్నాను. సరిపోతున్నాయి. ఇంకో నెల. అక్కడితో మాట అయిపోతుంది. నీ మనసు ఎలా ఉంది బిడ్డా అని అడిగే అలవాటు మన ఇళ్ళలో లేదు. ప్రేమ లేక కాదు. అలా అడగాలని ఎవరూ నేర్పలేదు.

అడగకపోతే ఏమవుతుందో లెక్కలు చెబుతున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ వివరాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. వ్యవసాయం మీద బతికేవారు, అంటే రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 11,290 మంది. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజు కూలి చేసుకునేవారు. అదే 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అంటే రోడ్డు మీద పోయినవారి కంటే తమ ప్రాణం తామే తీసుకున్నవారు ఎక్కువ.

రోడ్డంటే మనకు భయం ఉంది. కొడుకు బండి మీద బయలుదేరితే మెల్లగా పోరా అని తల్లి నాలుగు సార్లు చెబుతుంది. రెండో ప్రమాదం గురించి మాత్రం ఇంట్లో నోరెత్తేవారు ఉండరు. ఆ మాట పలికితేనే అశుభం అనుకుంటారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని జంకుతారు. అది అపోహ అని మానసిక వైద్యులు చెబుతున్నారు. నెమ్మదిగా, తిట్టకుండా, సూటిగా అడిగితే లోపలి భారం దిగుతుందే తప్ప కొత్తగా హాని జరగదు.

గుర్తించడం కూడా మరీ కష్టం కాదు. నిద్ర పట్టడం లేదంటాడు, లేదా పగలంతా పడుకునే ఉంటాడు. తిండి తగ్గుతుంది. బతుకమ్మకో సంక్రాంతికో ఇంటికి రమ్మంటే ఏదో సాకు చెబుతాడు. స్నేహితుల నుంచి తప్పుకుంటాడు. మీకు నేను భారమయ్యాను, నేను లేకపోతేనే నయం అన్న మాట నోట వస్తుంది. ఈ చివరి మాట వినిపిస్తే దాన్ని కోపంగానో అలకగానో కొట్టి పారేయకూడదు. ఆ రోజే బస్సెక్కి పోవాలి. పోయేలోగా గదిలోని స్నేహితునికి ఫోను చేసి, వాణ్ణి ఒంటరిగా వదలవద్దని చెప్పాలి.

మూడో స్టేషనే ఎర్రగడ్డ

మన భాషలో ఒక పాడు పరాచికం ఉంది. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి అంటారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉండడమే దానికి కారణం. ఆ నవ్వులాట వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. మనసు బాగాలేదని చెబితే ఎక్కడ పిచ్చివాడని ముద్ర వేస్తారోనని పిల్లలు నోరు కుట్టుకుంటున్నారు.

2017 నవంబరు చివర, సనా పోయిన నెల రోజులకే, అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు మొదలైంది. ఆ రైలులో అమీర్‌పేటలో ఎక్కితే ఎస్.ఆర్. నగర్, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి దాటగానే మూడో స్టేషను ఎర్రగడ్డ. కొన్ని నిమిషాల దూరం. కాలు విరిగితే ఆసుపత్రికి పోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మనసు విరిగితే ఆ మూడు స్టేషన్లు మూడు వందల మైళ్ళవుతున్నాయి.

కుంగుబాటుకు మందులున్నాయి. మాటలతో చేసే చికిత్స ఉంది. నయమై మళ్ళీ చదువుకుంటున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. నగరం దాకా పోలేనివారు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని గురించి అడగవచ్చు. అదీ కుదరకపోతే ఫోను ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రి పగలు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు. బాధ పడుతున్నవారే కాదు, వారి గురించి బెంగపడుతున్న తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో కొందరు ఆత్మహత్యాయత్నం సంగతిని ఆసుపత్రిలో దాచిపెడుతున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులోకి వచ్చింది. ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని ఆ చట్టం చెబుతోంది. వారికి వైద్యం, ఆదరణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా చెబుతోంది. కనుక డాక్టరు దగ్గర దాచవలసిన పని లేదు.

వేగం వేరు, ప్రయాణం వేరు

సనా వంటివారిని చూసి బండి మీద మోజు పడే కుర్రవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆమె గొప్పతనం వేగంలో లేదు, ఆగడంలో ఉంది. ఆగి మనుషులతో మాట్లాడడంలో ఉంది.

నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఎందరి ఇళ్ళలోనో దీపం ఆర్పింది. సినీ నటుడు కోట శ్రీనివాసరావు కుమారుడు ప్రసాద్ 2010 జూన్‌లో మోటారు సైకిలు ప్రమాదానికి గురై మరణించారు. క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ చిన్న కుమారుడు అయాజుద్దీన్ 2011 సెప్టెంబరులో మోటారు సైకిలు ప్రమాదానికే బలయ్యారు. అదే ఏడాది డిసెంబరులో కోమటిరెడ్డి వెంకటరెడ్డి కుమారుడు ప్రతీక్ కారు ప్రమాదంలో చనిపోయారు. పేరున్నవారి పిల్లలు కనుక ఆ పేర్లు లోకానికి తెలిశాయి. పేరు లేనివారి పిల్లల కోసం ఏడ్చే తల్లిదండ్రులను చూడాలంటే పంజాగుట్టలోని నిమ్స్ ఆవరణకు పోవాలి. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఆ చోటుకు జిల్లాల నుంచి గాయపడినవారు వస్తూనే ఉంటారు. చెట్ల కింద తువ్వాలు పరుచుకుని, సద్దిమూట పక్కన పెట్టుకుని, లోపలి నుంచి ఏ కబురు వస్తుందోనని కూర్చున్నవారిలో పల్లె జనమే ఎక్కువ.

2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు దేశంలో 50,029 మంది. వారిలో 14 వేల మందికి పైగా వెనుక కూర్చున్నవారే. కార్లలో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులోనూ సగం మంది డ్రైవర్లు కారు, పక్కనో వెనుకనో కూర్చున్నవారు. హెల్మెట్‌ను పోలీసు కనిపించినప్పుడు తగిలించుకుని, దాటగానే ట్యాంకు మీద పెట్టుకునే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు.

దారి మూసుకుపోలేదు

సనా పోయిన నాలుగు నెలలకే, 2018 ఫిబ్రవరిలో, హైదరాబాదుకు చెందిన జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటారు సైకిళ్ళపై విదేశాలకు బయలుదేరారు. మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, 17 వేల కిలోమీటర్లు. రాష్ట్ర పర్యాటక శాఖ వారికి అండగా నిలిచింది. 2021 అక్టోబరులో జై భారతి మళ్ళీ ఒంటరిగా 40 రోజుల్లో 11,111 కిలోమీటర్ల యాత్రకు పూనుకున్నారు. ఆడవారు బండి నేర్చుకుని దాని మీదే బతుకుతెరువు సంపాదించుకోవాలన్నది ఆ యాత్ర ఉద్దేశం. ఆమె నెలకొల్పిన మోవో సంస్థ ఆడవారికి మోటారు సైకిళ్ళు, ఆటోలు నడపడం నేర్పుతోంది.

పల్లెలో ఆడపిల్లకు స్కూటీ నేర్పడానికి కూడా వెనుకాడే తండ్రులు ఉన్నారు. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి ఎవరి మీదా ఆధారపడకుండా పోయి రాగల పిల్లకు కలిగే ధైర్యం చిన్నది కాదు. సనాకు బతుకు మీద ఆశ మళ్ళీ చిగురించింది ఆ బండి మీదనే అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ రాత్రే అడగండి

పోయినవారిని తలచుకుని దీపం పెట్టడం, ఫోటోకు దండ వేయడం మన ఆచారం. దానితో పాటు, పోయినవారు సగంలో వదిలిన పనిని అందుకోవడం కూడా మన పల్లెలకు తెలిసిందే. నాట్ల నడుమ ఒక ఇంటి మనిషి పోతే ఇరుగుపొరుగు వారు కలిసి ఆ మడి నాటు వేసి వస్తారు. సనా సగంలో వదిలిన మడి ఒకటి ఉంది. అందులో దిగడానికి బుల్లెట్ బండి అక్కరలేదు, 38 వేల కిలోమీటర్లు తిరగనక్కరలేదు.

అమీర్‌పేటలో ఉన్న కొడుక్కో కూతురికో ఈ రాత్రే ఫోను చేసి, ఉద్యోగం మాట పక్కన పెట్టి, మనసు ఎలా ఉందో అడగాలి. ఉద్యోగం రాకపోతే చేను ఉంది, ఇల్లు ఉంది, మేమున్నాం అని ఆ మాటలతోనే చెప్పాలి. ఊళ్ళో ఉన్న రైతును, పంట పోయి అరుగు మీద మౌనంగా కూర్చున్న పెద్దమనిషిని కూడా అలాగే పలకరించాలి. దారిన పోతూ బండి ఆపి, ఎట్లున్నవ్ అన్నా అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం విలువ చెప్పడానికే సనా ఇక్బాల్ దేశమంతా తిరిగారు.